మా ఊరి నుయ్యీ, నా కుళ్లూ

పట్నం కాలేజీ పిల్లలు మా ఊళ్లో నుయ్యి తవ్వడానికి వచ్చిన వేసవికి నా పెళ్లై ఏడాది దాటింది. పంతొమ్మిది వందల యాభైల్లో మాట అది. మా ఊరంటే చోడవరం నుంచి మాడుగుల పోయే రోడ్డు దిగి, చెరకు తోటల గట్ల మీద కాసేపు నడిస్తే వచ్చే చిన్న ఊరు. నా కన్నవారిది వడ్డాది. అక్కడ మా పెరట్లోనే నుయ్యి ఉండేది. వంటింటి గుమ్మం దిగి చేద వేస్తే తియ్యటి నీళ్లు. ఎనిమిదో తరగతి దాకా చదివి, మేనత్త కొడుకుని చేసుకుని ఈ ఊరు వచ్చేదాకా, నీళ్లు తేవడమనేది ఒక పని అని నాకు తెలియదు.

ఇక్కడి చెరువులో గేదెలు పడుకునేవి. తాగే నీళ్లకి గెడ్డకి పోవాలి. వానాకాలంలో గెడ్డ ఎర్రగా పొంగిపారేది. వేసవిలో ఎండిపోయి ఇసక మిగిలేది. ఆ ఇసకలో చెలమ తీసి, ఊట ఊరేదాకా పక్కనే కూచుని, కొబ్బరిచిప్పతో తోడి కుండ నింపుకోవాలి. కోడికూతకి వెళితే ఎండెక్కాక ఇంటికి చేరేదాన్ని. పొద్దు వాలాక మళ్లీ వెళ్లాలి. అంత కష్టపడి తెచ్చిన నీళ్లూ మంచివి కావు. ఎగువన గొడ్లు దిగేవి, బట్టలు ఉతికేవారు. ఏటా వేసవిలో ఊళ్లో ఎవరికో ఒకరికి వాంతులూ విరేచనాలూ పట్టుకునేవి. నేను కాపురానికి వచ్చిన ఏడే మా పక్కింటి పసివాడు పోయాడు. అమ్మవారికి కోపం వచ్చిందన్నారు.

మా బావకి మాట తక్కువ. పెళ్లయ్యాక కూడా నేను బావా అనే పిలిచేదాన్ని. చిన్నప్పుడు సెలవులకి వడ్డాది వస్తే మా నూతి గట్టు మీద కూచుని కాళ్లాడిస్తూ ఉండేవాడే గాని నోరు విప్పేవాడు కాదు. మొగుడయ్యాక కూడా అంతే. పొలం నుంచి వస్తే కూడు, కూడు తింటే నిద్ర. ఈయనకి దేవుడు మాటలు ఇవ్వలేదు, పోనీలే, అనుకుని సర్దుకున్నాను.

వేసవి మొదట్లో బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవకుడు సైకిలు మీద వచ్చి ఊరివాళ్లని పోగు చేశాడు. కాలేజీ పిల్లలు సెలవుల్లో శ్రమదానం చేస్తారట, మంచినీళ్ల నుయ్యి తవ్వుతారట, నూతిలోకి దించే సిమెంటు వరలు సర్కారువాళ్లు ఇస్తారట, తిండీ బసా ఊరువాళ్లు చూసుకోవాలట. ఇంతదాకా అందరూ తలలూపారు. నుయ్యి ఊరికీ, ఊరి బయట హరిజనుల పేటకీ మధ్య తవ్వుతాం, రెండు చోట్లవాళ్లూ తోడుకోవాలి అనేసరికి పెద్దలు కండువాలు దులుపుకుని లేచారు. "ఆ నుయ్యి మాకక్కర్లేదు బాబూ" అని వెళ్లిపోయారు. లేవకుండా కూచున్నవాళ్లలో మా బావ ఒకడు. పిల్లలు బడి పాకలో పడుకుంటారు సరే, వాళ్లతో వచ్చే ఇద్దరు ఆడపిల్లలకి బస ఎవరిస్తారు అని అడిగితే, ఒకామెని బడి పంతులుగారు తీసుకుంటానన్నారు. రెండో ఆమెకి మా బావ చెయ్యెత్తాడు. నన్ను అడగలేదు. వాళ్లమ్మనీ అడగలేదు.

ఆ అమ్మాయి మా వీధిలోకి నడిచి వస్తూంటే నేను ముందు చూసింది ఆమె చెప్పుల్ని. ఆ తర్వాత చేతి గడియారం. సన్నగా, చామనఛాయగా ఉంది. రెండు జడలు వేసుకుంది. బియ్యే చదువుతోందట. క్రైస్తవుల పిల్ల. అన్నం ముందు కూచుని కళ్లు మూసుకుని పెదాలు కదిపేది. మా అత్త అది చూసి ముచ్చటపడిపోయింది.

"సూసేవేటే గుంటా? మెతుకు ముట్టేముందు దేవుణ్ని తలుసుకుంటంది. నువ్వూ ఉన్నావు, ఏనాడైనా దణ్ణమెట్టేవా?"

నేను అప్పుడు పొయ్యి ఊదుతున్నాను. దణ్ణం పెట్టడానికి నాకు చేతులు ఖాళీ ఎక్కడివి?

ఆమె నన్ను అక్కా అంది. నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దదే అయి ఉంటుంది. మెడలో పుస్తెలూ కాళ్లకి మట్టెలూ చూసి నన్ను పెద్దదాన్ని చేసేసింది. మా బావని అన్నయ్యా అంది. అన్నయ్య అన్నాక ఇంకేం అనుమానం అంటారు చాలామంది. కుళ్లుకి వరసలతో పనిలేదు. మా బావ ఆ అన్నయ్య అనే పిలుపుకి పలికే తీరు నేను చూశాను. పొలం గట్టు మీద ఉన్నవాడు కూడా ఊళ్లోంచి విన్నట్టు తిరిగేవాడు.

రెండో రోజో మూడో రోజో, తవ్వకం మొదలయ్యాక, నాతో గెడ్డకి వస్తానంది. వద్దన్నాను. వచ్చింది. చెలమ దగ్గర కూచుని ఊట ఎంతసేపటికి ఊరుతుంది, ఈ నీళ్లు కాస్తారా, వడకడతారా అని ఒకటే ప్రశ్నలు. కాయడానికి పుల్లలు ఎవరు తెస్తారమ్మా అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కుండ తన నెత్తిన పెట్టమంది. చుట్టకుదురు సర్ది పెట్టాను. రెండు చేతులతో కుండని పట్టుకుని, మెడ బిగబట్టి, కప్పలా అడుగులు వేస్తూ నడిచింది. సగం నీళ్లు చీర మీదే పోయాయి. నేను నా కుండ నెత్తిన పెట్టుకుని, చంకలో ఇంకొకటి పెట్టుకుని వెనకాల వస్తున్నాను.

వీధి మొదట్లోకి రాగానే ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు.

"ఓలమ్మో, సూడండే! సదువుకున్న గుంట, పట్నం గుంట, మనకోసం నీళ్లు మోత్తంది!"

"ఎంత సేవ! కడుపున పుట్టినోళ్లు సేత్తారేటి ఇలాగ?"

ఒక ముసలమ్మ కళ్లు ఒత్తుకుంది కూడా. నేను ఆ వీధిలో ఆ కుండలతో పొద్దునా సాయంత్రం నడిచినదాన్నే. అమ్మా అలిసిపోయేవా అని ఆ గుమ్మాల్లోంచి ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నేను మోస్తే అది కోడలి పని. ఆమె మోస్తే సేవ.

అంతటితో ఆగినా బాగుండేది. తవ్వకం నుంచి గునపం భుజాన వేసుకుని వస్తున్న మా బావ ఆమెని చూసి, గునపం అక్కడే పారేసి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులా కుండ అందుకుని దింపాడు. "అయ్యో, ఎందుకమ్మా మీకీ పని?" అన్నాడు. వెనకాల నేను నిలబడే ఉన్నాను. కళ్లు నా మీదుగా పోయాయి, ఆగలేదు. నేను చంకలో కుండ దింపుకుని, నెత్తి మీది కుండ దింపుకుని, నీళ్లు తొట్లో పోసి, పెరట్లోకి వెళ్లి పేడ తట్ట ఎత్తుకున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే అరిచేసేదాన్ని.

అన్నాలయ్యాక పెరట్లో అతను చేతులు కడుక్కుంటూంటే అడిగేశాను.

"బావా, నా నెత్తి మీద కుండ ఎప్పుడైనా దింపేవా నువ్వు?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "నీకు సేతనవుద్ది కదే."

"సేతనవడం నా తప్పా?"

"అది కాదే. ఆ పిల్లకి సేతకాదు. పడిపోద్ది."

"అయితే రేపట్నుంచీ నేనూ పడతాను. అప్పుడొత్తావేటి పరిగెత్తుకుని?"

చెంబు బోర్లించి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అరుగు మీద ఆమె పుస్తకం తెరిచి పెట్టుకుని, మీ భూమిలో ఎంత లోతుకి ఏ మట్టి వస్తుంది అన్నయ్యా అని అడిగితే, మాటలు లేని మా బావ నోరు విప్పాడు. పైన నల్లరేగడి, కింద ఎర్రమట్టి, దాని కింద ఇసక కలిసిన సుద్ద, మా తాత ఏతం నుయ్యి తవ్వినప్పుడు ఏ లోతున ఏం తగిలింది, ఏ చెట్టు ఉన్నచోట నీరుంటుందని పెద్దలు చెప్పేవారు. ఒకటే ధార. నేను వంటింట్లో కూచుని వింటున్నాను. అందులో ఒక్క మాట కూడా నేనెప్పుడూ విన్నది కాదు. ఆ గొంతు అంతసేపు మోగగలదని కూడా నాకు తెలియదు. నాకు ఏడుపు వచ్చింది. దేవుడు ఈయనకి మాటలు ఇవ్వలేదనుకుని సర్దుకున్నదాన్ని. ఇచ్చాడు. నా మీద ఖర్చు పెట్టలేదు, అంతే.

మా అత్త నా కంచంలో మజ్జిగ పోసి, ఆమె కంచంలో మీగడ వేసేది. "పట్నం పిల్ల, మట్టి మోసి నల్లబడిపోతంది" అని ఆమె జడలకి ఆముదం రాసేది. ఈ అత్తే నా సొంత మేనత్త. చిన్నప్పుడు నన్ను చంకనేసుకు తిప్పిన మనిషి. కోడలినయ్యాక ఆ చంక ఏమైందో!

ఒక పొద్దున కోడి కూసింది. నేను లేవలేదు. అత్త రెండుసార్లు పిలిచింది. మూడోసారి లేచి, రెండు చీరలు మూట కట్టుకుని వాకిట్లోకి వచ్చాను.

"ఎక్కడికే?"

"వడ్డాది ఎల్తన్నాను. మా నాయిన ఇంటికాడ నుయ్యి ఉంది."

"నీళ్లెవరు తెత్తారే మరి?"

"సేవ సేసేవోళ్లున్నారు కదత్తా ఇంట్లోనే."

గట్ల మీద నడిచి రోడ్డెక్కి, వడ్డాది వైపు పోయే బండి ఒకటి దొరికితే ఎక్కేశాను. అమ్మ నన్ను చూసి ఏమీ అడగలేదు. స్నానం చెయ్యమంది. చేద మీద చేద తోడి నెత్తిన పోసుకున్నాను. నీళ్లు ఎంత దుబారా చేశానో! అమ్మ అది చూస్తూ అప్పుడు అడిగింది.

"కొట్టేడా?"

"లేదు."

"తిట్టేడా?"

"తిట్టినా బాగుణ్ను. మాట్టాడతన్నాడు. నాతో కాదు."

అమ్మ నవ్వాపుకోలేకపోయింది. నాకు ఒళ్లు మండింది. "నీ కళ్లెదుట లేకపోతే మాట్టాడ్డం మానేత్తాడేటే? ఇంకా ఎక్కువ మాట్టాడతాడు" అంది. ఆ మాట నిజమే. అది తట్టాక నాకు అక్కడా అన్నం సయించలేదు. పెరటి నూతి గట్టు మీద కూచుని, ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుతున్నారో అనుకుంటూ పొద్దు పుచ్చేదాన్ని. బావ వస్తాడని చూశాను. రాలేదు.

వచ్చింది ఆమె.

మిట్టమధ్యాహ్నం మా గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడింది. రోడ్డు దాకా నడిచి బస్సెక్కి వచ్చిందట. మొహం ఎండకి కమిలిపోయింది. అమ్మ మంచినీళ్లు ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. అప్పుడు చూశాను, అరచేతులు బొబ్బలెక్కి చిట్లి ఉన్నాయి. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతోంది.

"అక్కా, మీ అత్తగారికి వాంతులూ విరేచనాలూ. నిన్న సాయంత్రం నుంచి. అన్నయ్య మంచం దగ్గర్నుంచి కదలడం లేదు. మిమ్మల్నే తలుస్తోందావిడ. నేను తీసుకొస్తానని చెప్పి వచ్చాను."

"నీళ్లెవరు తెస్తున్నారు?" నా నోట వచ్చిన మొదటి మాట అది.

"నేనే. మీరు వచ్చేసిన రోజు నుంచీ." తల దించుకుంది. "మీరు తెచ్చినన్ని తేలేకపోతున్నానక్కా. ఇంట్లో గిన్నెలు కూడా సరిగ్గా కడగడానికి చాలడం లేదు."

నేను వదిలి వచ్చిన చోట ఆమె దూరింది. నా కుండ, నా చుట్టకుదురు, నా అత్త. దానికి కుళ్లుకోవాలో, ఆ అరచేతులు చూసి జాలిపడాలో తెలియలేదు. జాలి పడాల్సి వచ్చినందుకు ఇంకా కుళ్లుకున్నాను. అమ్మ అప్పటికే నా మూట తెచ్చి చేతిలో పెట్టింది.

అత్త మంచానికి అతుక్కుపోయి ఉంది. కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూసి చెయ్యి చాపింది. "వచ్చేవే, నా తల్లే" అంది. కాపురానికి వచ్చాక ఆ మాట అదే మొదలు. ఆ అమ్మాయి పొయ్యి మీద నీళ్లు తెర్లించి, చల్లార్చి, వడకట్టి పెట్టేది. నేను గంజిలో ఉప్పేసి చెంచాతో పట్టేదాన్ని. బావ చోడవరం వెళ్లి డాక్టరుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరం ఒక మంచానికి అటూ ఇటూ కూచున్నాం, ఆమే నేనూ. నాలుగు రోజులు కాబోలు. ఎక్కువ మాట్లాడుకోలేదు. ఒకసారి మాత్రం ఆమె, "ఈ నుయ్యి పోయినేడే పడి ఉంటే బాగుండేది" అంది. నాకు పక్కింటి పసివాడు గుర్తొచ్చాడు. ఊఁ అన్నాను. అత్త బతికింది.

తవ్వకానికి మాత్రం కష్టం వచ్చిపడింది. రెండు నిలువుల లోతు దాటాక రాయి తగిలింది. గునపం వేస్తే నిప్పులు రేగాయి. పిల్లలు చేతులు పగిలేలా కొట్టారు. ఆ అమ్మాయి కూడా తాడు పట్టుకుని లోపలికి దిగి సమ్మెట ఎత్తింది. ఆడది నూతిలోకి దిగింది, ఇక నీరు పడినట్టే అని ఊరి పెద్దలు వెటకారం చేశారు. ఈలోగా శిబిరం గడువు అయిపోయింది. పొడి గొయ్యి అలాగే వదిలి పిల్లలు మూటలు సర్దుకున్నారు. బండి ఎక్కేముందు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. మా అత్త ఏడ్చింది. బావ పక్కకి తిరిగి ఎద్దుల పలుపు సర్దాడు. నేను ఏడవలేదు. బండి మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చి, హాయిగా కాళ్లు చాపుకుని కూచున్నాను.

హాయి మర్నాటికే పోయింది. పొద్దున్నే బావ ఉలీ సమ్మెటా పట్టుకుని గొయ్యి దగ్గరికి బయల్దేరాడు. మర్నాడూ అంతే. ఊళ్లోవాళ్లు ఎవరూ రాలేదు గాని పేటలోంచి కొందరు వచ్చారు. పొలానికి పోవడం, అక్కణ్నుంచి గొయ్యికి పోవడం, దుమ్ము కొట్టుకుని వచ్చి పడుకోవడం. ఆమె పోయినా ఆమె పని పోలేదు. ఆమె ఇంట్లో ఉండగా కనీసం నాకు ఎదురుగా ఒక మనిషి ఉండేది. ఇప్పుడు ఒక గొయ్యితో పోటీ పడాల్సి వచ్చింది.

ఓ పొద్దున గెడ్డ నుంచి వస్తూ కుండలతో సహా తిన్నగా అక్కడికే వెళ్లాను. బావ లోపల ఉన్నాడు. పైన పేట ఆడవాళ్లు తాడుతో తట్టలు లాగి రాళ్లు పారబోస్తున్నారు. గట్టు మీద నిలబడి కిందకి అరిచాను.

"ఎవరికోసం తవ్వుతన్నావు బావా? ఆ పిల్లకి మాటిచ్చేవా?"

సమ్మెట ఆగింది. కింద నుంచి మొహం పైకెత్తాడు. చెమటా రాతిపొడీ కలిసి తెల్లగా, దెయ్యంలా ఉన్నాడు.

"మా అమ్మ సచ్చిపోబోయింది కదే" అన్నాడు. మొహం తుడుచుకుని, "నువ్వు ఆ కుండలట్టుకుని ఎండలో రావడం ఇక్కణ్నుంచి కనపడతాది. దినం సూత్తన్నాను. ఇందులో నీరు పడితే ఇక గెడ్డకి ఎల్లక్కర్లేదు" అన్నాడు.

అందరి ముందూ అంత పెద్ద మాట ఆయన నాతో అనడం అదే మొదటిసారి. నా కోపం పోయిందనుకుంటున్నారా? పోలేదు. ఇన్నాళ్లూ చూస్తూ ఒక్కసారి కూడా చెప్పలేదే అని ఇంకా పెరిగింది. కుండలు దింపి, కొంగు బిగించి, తట్ట అందుకున్నాను. నా పక్కన తాడు లాగుతున్నది పేటలోని ఒక పెద్దామె. నోరు గట్టిది, చేతులు అంతకంటే గట్టివి. నేను రాళ్లు విసురుతున్న తీరు చూసి నవ్వింది.

"కోపమున్నోళ్లు బాగా పని సేత్తారమ్మా. దినం ఒచ్చెయ్. ఇంట్లో ఏదైనా గొడవెట్టుకుని మరీ ఒచ్చెయ్."

రోజూ వెళ్లాను. గొడవ పెట్టుకోవాల్సిన అవసరం లేకపోయింది, నా దగ్గర నిలవ ఉంది. అత్త లేచి తిరుగుతోంది కనక వంట ఆవిడే చూసుకునేది. కొన్నాళ్లకి తట్టలు మొయ్యడం చాలలేదు నాకు. ఆ అమ్మాయి లోపలికి దిగిందిగా! ఆమె దిగగా లేనిది నేను దిగకూడదా? తాడు పట్టుకుని దిగిపోయాను. బావ వద్దనబోయి, నా మొహం చూసి, ఉలి నా చేతికిచ్చాడు. నేను ఉలి పట్టుకుంటే అతను సమ్మెట వేసేవాడు. లోపల ఎండ లేదు, గాలి లేదు, దెబ్బ దెబ్బకీ చెవులు గింగురుమనేవి. దెబ్బ తప్పితే నా వేళ్లు పోతాయి. ఒక్కటీ తప్పలేదు. నా బుర్రలో సేవా లేదు, దేశమూ లేదు. ఆమె ఎంత లోతుకి దిగిందో అంతకంటే లోతుకి దిగాలి. అదొక్కటే ఉంది.

మృగశిర కార్తె ఇంకా రాలేదు. మబ్బులు మాత్రం కొండల మీద మూగుతున్నాయి. వాన పడితే గట్లు జారి గొయ్యి పూడిపోతుందని అందరికీ దిగులు. ఒక మధ్యాహ్నం రాతి బెడ్డ ఒకటి ఊడి వచ్చింది. కింద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. చెమట కాబోలనుకున్నాను. బావ వంగి, వేళ్లు పెట్టి, నోట్లో పెట్టుకున్నాడు. అరవలేదు. నా చెయ్యి పట్టుకుని ఆ తడి మీద అదిమాడు. రాతి చీలికలోంచి ఊట సన్నగా కారుతోంది. పైన ఉన్న పెద్దామెకి మేమేం చెప్పకుండానే తెలిసిపోయింది. "పడిందర్రా!" అని ఆమె పెట్టిన కేక ఊరి పెద్దల అరుగుల దాకా వినిపించిందని తర్వాత చెప్పారు.

వరలు దించి, గట్టు కట్టి, వానలయ్యాక నుయ్యి ప్రారంభం పెట్టారు. అధికారులు జీపులో వస్తారు, కాలేజీ పిల్లలూ వస్తారు అన్నారు. నేను పెళ్లినాటి పట్టుచీర తీసి కట్టుకున్నాను. ఎవరికోసమో కాదు, ఆమె కోసం. నేను ఆ నూతి గట్టు మీద నిలబడి చేద లాగడం ఆమె చూడాలి. ఎంత లోతు తవ్వామో అడగాలి. నేను చెప్పాలి.

ఆమె రాలేదు. పరీక్షలున్నాయని మగపిల్లలు కొందరే వచ్చారు. వాళ్ల మెడల్లో దండలు వేశారు. నుయ్యి విద్యార్థుల త్యాగఫలం అని అధికారి ఉపన్యసించాడు. ఫోటో తీసేటప్పుడు, ఆడవాళ్లు కొంచెం పక్కకి జరగండమ్మా అన్నారు. జరిగాం. పేట పెద్దామె నా చెవిలో, "మనం తవ్విన గొయ్యి, ఆళ్ల మెళ్లో దండ" అంది. నాకు ఆ దండల మీద ఉండాల్సినంత కుళ్లు కూడా పుట్టలేదు. కుళ్లుకోవడానికి మనిషి లేని చోట పట్టుచీర కట్టుకుని నిలబడటం ఎంత చప్పగా ఉంటుందో! ఇంటికొచ్చి చీర మడత పెట్టేస్తూంటే అత్త, "ఆ పిల్లొచ్చి ఉంటే బాగుణ్ను కదే" అంది. అవునత్తా అన్నాను. అబద్ధం కాదు.

ఊరి పెద్దల ఇళ్లవాళ్లు మొదట ఆ నూతికి రాలేదు. మరుసటి వేసవి గెడ్డ ఎండాక వచ్చారు. వచ్చి, పేటవాళ్లు తోడుకున్నాక చేదతాడు కడిగి మరీ తోడుకునేవారు. ఆ కడగడం చాలా ఏళ్లు పోలేదు.

నుయ్యి పడిన ఏడాది చలికాలంలోనే, చెరకు నరికి బెల్లం వండడాలు అయ్యాక, గ్రామసేవకుడు మళ్లీ సైకిలు మీద వచ్చాడు. మాడుగుల దగ్గర కొండవార ఒక ఊళ్లో నుయ్యి తవ్వుకుంటున్నారట, రాయి తగిలిందట, ఆడవాళ్లు దగ్గరికి రావడానికి భయపడుతున్నారట. మా వాకిట్లో నిలబడి, మా బావకేసి కాకుండా నాకేసి చూసి, "నూతిలో దిగినావిడని తీసుకురమ్మన్నారమ్మా" అన్నాడు.

ఒక ఆదివారం రెండు బళ్లు కట్టుకుని వెళ్లాం. ఊళ్లోంచి కొందరు కుర్రాళ్లు, పేటలోంచి పెద్దామె, ఇంకొందరు. ఆ ఊరి ఆడవాళ్లు నన్ను చుట్టేశారు. లోపల చీకటిగా ఉంటుందా, ఊపిరాడుతుందా, మీ ఆయన ఒప్పుకున్నాడా అని ఒకటే ప్రశ్నలు. చెప్పగలిగినంత చెప్పాను. ఒకావిడ మాడుగుల నుంచి తెప్పించిన హల్వా ఆకులో పెట్టి నా చేతికిచ్చింది. మా బావ గొయ్యిలో దిగి సాయంత్రం దాకా రాయి కొట్టి పైకి వస్తే, ఎవరో చెంబుతో నీళ్లిచ్చి, "ఈయనెవరు? ఆమె మనిషేటి?" అని అడిగారు.

తిరుగు ప్రయాణంలో బండిలో బావ ముడుచుకుని కూచున్నాడు.

"ఏటి బావా?"

"ఏం లేదు."

"సెప్పు."

"సమ్మెటేసింది నేను. నువ్వు ఉలట్టుకున్నావు, అంతే కదా? నాకు ఒక్క ముక్కైనా ఎట్టేరేటి ఆ హల్వా?"

పెద్దామె పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ కుళ్లు మొహం చూస్తూ కూచున్నాను. అందంగా ఉన్నాడు. ఆకులో మిగిలిన హల్వా తీసి నా నోట్లో వేసుకున్నాను.

ఆ ఊరి నుయ్యి అయ్యేదాకా వారం వారం వెళ్లాం. మా నూతికంటే తొందరగా నీరు పడింది. పైగా తియ్యటి నీరు. మా నూతి నీళ్లు మంచివే గాని వాటిలో పప్పు ఉడకదు. ఒక చెంబుడు తెచ్చి అత్తకి ఇస్తే గుక్క తాగి, మూతి తుడుచుకుని, చెంబులోకి చూసింది.

"ఆళ్లకి ఇంత తియ్యటి నీళ్లెందుకే?" అంది.